వాడిన మడత సైకిలు: 5,500 రూపాయల కొనుగోలు, దాని మరమ్మతు

కొండాపూర్‌లో ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరికి వెళ్ళిపోతున్న ఒకరి దగ్గర, ఫోన్‌లో ప్రకటన చూసి, 20 అంగుళాల చక్రాల మడత సైకిలును 5,500 రూపాయలకు కొన్నాను. దాన్ని రోజూ నమ్మకంగా తొక్కగలిగే స్థితికి తేవడానికి మరో 3,600 రూపాయల దాకా ఖర్చయింది. ఈ సమీక్ష ఆ సైకిలు గురించీ, దాన్ని బాగుచేసిన తార్నాక వైపు చిన్న సైకిల్ షాపు గురించీ. తయారు చేసిన కంపెనీ పేరును కావాలనే రాయడం లేదు. నేను చూసిన లోపాలలో చాలా వరకు తయారీలో పుట్టినవి కావు, వాడకంలోనూ అరకొర రిపేర్లలోనూ పుట్టినవి, కనుక ఆ నింద కంపెనీ మీద వేయడం న్యాయం కాదు.

కొనవచ్చా అని అడిగేవారికి కొనవచ్చనే చెబుతాను. అయితే వాడిన మడత సైకిలును మామూలు సైకిలును చూసినట్టు చూసి కొనకూడదు. చైను, టైర్లు, బ్రేకులు, గేర్లు ఎంత పాడైనా హైదరాబాద్‌లో ఏ బస్తీలోనైనా వాటిని బాగుచేసేవారున్నారు, సామానూ దొరుకుతుంది. మడిచే కీళ్ళు అరిగిపోతే మాత్రం వాటికి బజారులో విడిభాగాలు దొరకవు, ఒక్కో కంపెనీ కీలు ఒక్కో కొలతలో ఉంటుంది, పైగా మనిషి బరువంతా ఆ కీళ్ళ మీదే ఆధారపడి ఉంటుంది. కాబట్టి ధర మాట్లాడే ముందు చూడవలసింది రంగునూ టైర్లనూ కాదు, ఫ్రేము మధ్యనున్న కీలునూ, హ్యాండిల్ గొట్టం అడుగునున్న కీలునూ, సీటు గొట్టం బిగిసే చోటునూ.

నా అవసరం ఏమిటో చెబితే ఈ మాటల్లో మీకు పనికివచ్చేది ఎంతో తేల్చుకోవచ్చు. మేముండే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండ్లకే చోటు చాలదు. మామూలు సైకిలును అక్కడ గోడకు ఆనించి పెడితే పక్కవాళ్ళ బండి తగిలి హ్యాండిల్ వంగడమో, మడ్‌గార్డు నలగడమో తప్పదు. లిఫ్టులో పట్టేదీ, ఇంట్లో తలుపు వెనక నిలబెట్టుకోగలిగేదీ కావాలి. తార్నాక నుంచి హబ్సిగూడ వైపు ఆఫీసుకు వెళ్ళి రావడానికి దూరం తక్కువే. సెలవు రోజున కారు డిక్కీలో వేసుకుని ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పు కింద ఉన్న సైకిల్ ట్రాక్‌కు తీసుకువెళ్ళాలన్నది రెండో కోరిక. 2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒక భాగంగా, నార్సింగి నుంచి కొల్లూరు వైపు మరో భాగంగా ఉంది. మా ఇంటి నుంచి అక్కడికి తొక్కుకుంటూ పోవడం కష్టం కనుక డిక్కీలో పట్టే సైకిలే దారి.

కొత్త మడత సైకిలుకు పదిహేను వేలకు పైగా పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ఎర్రగడ్డలో ఆదివారం జరిగే సంతలోనూ, పాతబస్తీ వైపు గురువారం జరిగే జుమ్మేరాత్ బజారులోనూ పాత సైకిళ్ళు చూశాను. అక్కడ పిల్లల సైకిళ్ళు, పాత రోడ్‌స్టర్లే ఎక్కువగా ఉన్నాయి, మడతవి అరుదుగానే కనిపించాయి. చివరికి ప్రకటనల ద్వారా ఇళ్ళ నుంచి కొనడమే మేలనిపించింది. అమ్మేవారు ఎక్కడ ఉంచారో, ఎలా వాడారో కళ్ళారా చూసే వీలు అక్కడ ఉంటుంది.

చూసినప్పుడు సైకిలు ముచ్చటగా ఉంది. టైర్లు కొత్తవి, చైనుకు తాజాగా నూనె రాశారు, రంగు మెరుస్తోంది. ఫ్రేము మధ్య కీలు చుట్టూ మాత్రం నల్లటి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. గీతలు పడకుండా చుట్టామని చెప్పారు. టేపు విప్పి చూపించమంటే ఒప్పుకున్నారు కానీ, దాని కింద గ్రీజు దట్టంగా పూసి ఉండటంతో లోపలి సందులేమీ కనిపించలేదు. గుడ్డతో తుడిచి చూశాను. పగుళ్ళు లేవు. అయస్కాంతం అంటుకుంది కనుక ఫ్రేము ఉక్కుదే అని తేలింది. ఆ ఒక్క సంగతి కొనడానికి ధైర్యమిచ్చింది. ఏడు వేలు చెప్పిన ధర ఈ టేపు దగ్గరే 5,500కు దిగింది.

అయస్కాంతం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వాడిన మడత సైకిలు విషయంలో ఇది చిన్న సంగతి కాదు. ఉక్కు మీద పడే ఒత్తిడి ఒక హద్దు లోపల ఉన్నంత కాలం అది లెక్కలేనన్ని సార్లు వంగి లేచినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న ఒత్తిడే అయినా పదే పదే పడితే ఏదో ఒక రోజు పగులు మొదలవుతుంది. పైగా సైకిళ్ళలో ఎక్కువగా వాడే 6061 రకం అల్యూమినియాన్ని వేడిచేసి గట్టిపరుస్తారు, కాబట్టి పగిలిన చోట వెల్డింగ్ పెట్టిస్తే ఆ వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడి బలం కోల్పోతుంది. అల్యూమినియం మడత సైకిళ్ళు చెడ్డవని దీని అర్థం కాదు, బరువు తక్కువ కనుక మెట్లెక్కించడానికి అవే హాయి. కానీ ఎన్నేళ్ళు ఎలా వాడారో తెలియని అల్యూమినియం ఫ్రేములో కీలు దగ్గర వెల్డింగ్ అంచున వెంట్రుకంత గీత కనిపించినా, అది రంగు మీద గీతే అని అమ్మేవారు ఎంత చెప్పినా, అక్కడితో మాట ముగించి వెళ్ళిపోవడమే మంచిది.

ఇక లోపాల సంగతి. సెల్లార్‌లో నున్నటి గచ్చు మీద నెమ్మదిగా తొక్కినంతసేపు ఏ లోపమూ బయటపడలేదు. మడత సైకిలు లోపాలు బరువు పడితేనే, గుంతల్లో కుదుపు తగిలితేనే నోరు విప్పుతాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉదయం పూట బండ్లు తక్కువ, స్పీడ్ బ్రేకర్లు ఎక్కువ. పరీక్షించడానికి అంతకన్నా అనువైన చోటు మా వైపు లేదు. అక్కడ తొక్కిన మొదటి ఉదయమే ఫ్రేము మధ్య నుంచి ప్రతి తొక్కుకూ కిర్రుమనే శబ్దం వచ్చింది, హ్యాండిల్ ముందుకూ వెనక్కూ కొద్దిగా ఊగింది, కాసేపటికి సీటు తనంతట తానే కిందికి దిగిపోయింది.

శబ్దం వచ్చిందంటే కీలు అరిగినట్టేనని తీర్మానించుకోనక్కర్లేదు. మెకానిక్ మొదట చేసిన పని లాకు బిగువు చూడటం. ఫ్రేము కీలు లాకు పిడిని మూస్తున్నప్పుడు సగం దారిలోనే చేతికి గట్టిదనం తగలాలి, అరచేతితో బలంగా నెడితేనే పూర్తిగా మూసుకోవాలి. ఒక్క వేలితో మూసుకుంటే బిగువు చాలదని అర్థం. దానికి ఒక చిన్న నట్టు ఉంటుంది, కాస్త కాస్తగా తిప్పి బిగువు పెంచవచ్చు. తర్వాత ఆయన పాత క్యాలెండర్ కాగితం పీలిక చింపి, కీలు రెండు పలకల మధ్య పెట్టి లాకు వేసి, కాగితాన్ని లాగి చూశారు. పలకలు అంతటా సమంగా నొక్కుకుంటే కాగితం చిరగాలే తప్ప బయటికి రాకూడదు. మా సైకిలులో పైన చిరిగింది, కింద జారి వచ్చేసింది. అంటే పలకలు కింది వైపు కలవడం లేదు, ఎంత బిగించినా లాభం లేదు, తేడా ఆ రెండు పలకలనూ కలిపి ఉంచే పిన్నులోనే ఉంది. ఈ కాగితం పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు, అర నిమిషం చాలు, అమ్మేవారి ఇంటి ముందే చేయవచ్చు. వాడిన మడత సైకిలు కొనేవారు ఇంకేమీ చేయకపోయినా ఇదొక్కటి తప్పక చేయాలని నా విన్నపం.

పిన్ను కొట్టి బయటికి తీస్తే అసలు సంగతి తెలిసింది. పిన్ను మధ్యలో నడుము సన్నబడినట్టు అరిగిపోయింది, పిన్ను ఇమిడే రంధ్రం గుండ్రంగా కాక కోలగా సాగింది. లాకు వదులుగా ఉంచుకుని చాలాకాలం తొక్కితే ఇలా అవుతుందని ఆయన వివరించారు. పూసిన గ్రీజు అరుగుదలను ఆపడానికి కాదు, ఆటను, అంటే వదులు కదలికను, చేతికి తెలియనీయకుండా దాచడానికి. వెల్డింగ్ పెట్టి రంధ్రం పూడ్చి మళ్ళీ తొలిపించవచ్చు కదా అని అడిగాను. ఆయన చేతిలో పిన్ను తిప్పుతూ అన్న మాట ఇది: "వెల్డింగ్ పెడితే ఇవాళ ఆగుతది సార్, రేపు రోడ్డు మీద తెగుతది. కొత్త పిన్ను చేపిద్దాం." సరే అన్నా, ఎక్కడ చేయిద్దాం అంటే నాచారం పారిశ్రామికవాడలో తనకు తెలిసిన లేత్ పనివారి దగ్గరకు స్వయంగా తీసుకువెళ్ళారు. అక్కడ కోలగా సాగిన రంధ్రాన్ని రీమరుతో కొద్దిగా పెద్దది చేసి గుండ్రంగా తెచ్చి, లోపల గన్‌మెటల్ బుష్ (ఒక రకం కంచు తొడుగు) దిగ్గొట్టి, దానికి సరిపోయే ఉక్కు పిన్నును తయారు చేశారు. కీలు చుట్టూ లోహం దళసరిగా ఉండబట్టి ఈ పని సాధ్యమైంది. పలచని చెవులున్న కీలులో రంధ్రం పెద్దది చేస్తే మిగిలే లోహం చాలదు. ఇలాంటి లేత్ షాపులు బాలానగర్‌లోనూ చాలా ఉన్నాయి. ఒకటో రెండో చిన్న పనులకు పెద్ద షాపులు సాధారణంగా ఆసక్తి చూపవు కాబట్టి మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్ళడమే మేలు.

హ్యాండిల్ గొట్టం అడుగు కీలు గురించి మరింత గట్టిగా చెప్పాలి. ఫ్రేము కీలు వదులైతే సైకిలు కిర్రుమంటుంది, వంకరగా నడుస్తుంది, మనకు హెచ్చరిక అందుతుంది. హ్యాండిల్ కీలు విడిపోతే చేతుల్లో ఉన్న హ్యాండిల్ ఒక్కసారిగా ముందుకు వాలిపోతుంది, మనిషి ముఖం మీద పడతాడు, ఆ క్షణంలో చేయగలిగింది ఏమీ ఉండదు. మడత సైకిలులో హ్యాండిల్ గొట్టం పొడవు ఎక్కువ, అందువల్ల చేతులతో వేసే చిన్న బలం కూడా అడుగు కీలు మీద పెద్దదై పడుతుంది. పరీక్ష సులభం: ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని, సైకిలును ముందుకూ వెనక్కూ ఊపుతూ, రెండో చేతి వేలిని కీలు సందు మీద ఉంచాలి. సందు తెరుచుకుని మూసుకుంటున్నట్టు వేలికి తెలిస్తే ఆట ఉన్నట్టే. ఆట కీలులో కాక దాని కింద, హ్యాండిల్ తిరగడానికి ఉండే హెడ్‌సెట్ గోళీలలోనూ ఉండవచ్చు. వేలిని ఒకసారి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు పైనున్న కప్పు మీద, ఒకసారి కీలు మీద పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మా సైకిలులో రెండు చోట్లా కొంత ఉంది. హెడ్‌సెట్‌ది బిగించడంతో పోయింది. కీలులో మాత్రం లాకు పక్కనుండే రెండో రక్షణ కొక్కెం విరిగిపోయి ఉంది, ఆ విరిగిన ముక్కను కనపడకుండా అరగదీసి రంగు వేసి ఉంచారు. ఇది చూశాక నాకు నిజంగా బాధ కలిగింది. వాడిన వస్తువులో అరుగుదల ఉండటం సహజం, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. ప్రాణం మీదికి తెచ్చే లోపం ఉందని తెలిసి దాని మీద రంగు పూయడం వేరు సంగతి. నాచారంలోనే ఉక్కు ముక్కతో కొత్త కొక్కెం కోయించి, పిన్నుతో సహా బిగించారు.

సీటు జారడానికి కారణం వెతకడానికి ఎక్కువ సేపు పట్టలేదు. సీటు గొట్టం బయటికి లాగితే దాని చుట్టూ కూల్‌డ్రింక్ టిన్ను నుంచి కత్తిరించిన రేకు చుట్ట బయటపడింది. మడత సైకిళ్ళలో సీటు గొట్టం చాలా పొడవు, లావు కూడా. డాహోన్ కంపెనీ మడత సైకిళ్ళలో 33.9 మిల్లీమీటర్లు, బ్రాంప్టన్ కంపెనీవాటిలో 31.8 మిల్లీమీటర్లు, మామూలు సైకిళ్ళలో ఎక్కువగా కనిపించే 27.2 మిల్లీమీటర్ల గొట్టం వీటిలో దేనికీ సరిపోదు. చాలా మడత సైకిళ్ళలో గొట్టానికీ ఫ్రేముకూ మధ్య ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. అది పగిలితే పడేసి రేకు చుట్టడం అరకొర రిపేరు. మా మెకానిక్ వెర్నియర్‌తో కొలిచి, లేత్ మీద నైలాన్ కడ్డీ నుంచి తొడుగు తిప్పించి ఇచ్చారు. దీనితో పాటు గొట్టం మీద ఉండే కనీస లోతు గీతను కూడా చూసుకోవాలి. ఆ గీత బయటికి కనిపించేలా సీటు ఎత్తుకుంటే గొట్టం వంగవచ్చు, ఫ్రేము గొట్టం చీలవచ్చు. పొడుగువారికి ఈ సైకిలు సరిపోతుందా లేదా అన్నది ఆ గీతే చెబుతుంది.

క్రాంకు, అంటే పెడల్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ దగ్గర రెండు లోపాలు కలిసి ఉన్నాయి. ఎడమ పెడల్‌కు మర అడ్డదిడ్డంగా ఎక్కించారు. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుడు మర. అది తెలియక ఎవరో కుడి వైపు తిప్పుతూ పానాతో బలవంతంగా బిగించి, క్రాంకు మరలు చెడగొట్టారు. అదే క్రాంకులో ఇరుసు ఇమిడే చదరపు రంధ్రం కూడా మూలలు అరిగి గుండ్రంగా తయారైంది. నట్టు వదులుగా ఉండగానే తొక్కితే ఇలా అవుతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా మళ్ళీ వదులవుతుంది. ఇలాంటి క్రాంకును బిగించడానికి రేకు ముక్కలు పెట్టేవారున్నారు, అది నిలబడదు. కుడి క్రాంకు పొడవుకు సరిపోయే 170 మిల్లీమీటర్ల ఎడమ క్రాంకు కోఠి వైపు దొరికింది. లోపలి ఇరుసు కప్పు కూడా గరగరలాడుతోంది కనుక అదీ మార్పించాను. పెడళ్ళు మడిచే రకంవి కొత్తవి వేయించాను.

పంక్చర్లు ఈ సైకిలు ఇచ్చిన విచిత్రమైన తలనొప్పి. టైరు కొత్తదే, ముల్లు ఎక్కడా లేదు, అయినా వెనక చక్రంలో గాలి నిలవలేదు. ట్యూబు తీసి చూస్తే రంధ్రం టైరు వైపు కాక రిమ్ము వైపు ఉంది. రోడ్డు మీద ముల్లు గుచ్చుకుంటే రంధ్రం బయటి వైపు పడుతుంది, లోపలి వైపు పడిందంటే తప్పు చక్రంలోనే ఉన్నట్టు. పుల్లల నిపుల్స్‌ను కప్పవలసిన రిమ్ టేపు లేనేలేదు, నిపుల్ అంచులు ట్యూబును కోస్తున్నాయి. పాత ట్యూబు నుంచి కత్తిరించిన పట్టీలు రెండు చక్రాలకూ వేయడంతో ఆ బాధ తీరింది. ట్యూబు, టైరు కొనేటప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరం. 20 అంగుళాలు అని రాసి ఉన్న టైర్లన్నీ ఒకటి కావు. 20×1.75 అని దశాంశంలో రాసి ఉంటే సాధారణంగా 406 మిల్లీమీటర్ల రిమ్ముకు, 20×1 3/8 అని భిన్నంలో రాసి ఉంటే 451 మిల్లీమీటర్ల రిమ్ముకు సరిపోతుంది. ఒకటి ఇంకొకదానికి ఎక్కదు. టైరు పక్కన 47-406 లాంటి అంకెలు ఉంటాయి, రెండో అంకె చూసి కొనాలి. మా సైకిలుది 406, పిల్లల సైకిళ్ళలో ఎక్కువగా ఉండే కొలతే, కనుక టైరుకు ఎప్పుడూ కరువు రాదు. ముందు చక్రం మొత్తం మార్చవలసి వస్తే మాత్రం యాక్సిల్ వెడల్పు కూడా కొలవాలి. కొన్ని మడత సైకిళ్ళలో ఫోర్కు సందు 74 మిల్లీమీటర్లే ఉంటుంది, మామూలు చక్రానికి కావలసింది 100 మిల్లీమీటర్లు.

బ్రేకు కేబుల్ మడత దగ్గర లోపల సగం తెగి ఉంది. పైన రబ్బరు తొడుగు బాగానే ఉండటంతో చూపుకు తెలియదు. బ్రేకు నొక్కి వదిలినప్పుడు పిడి బద్ధకంగా వెనక్కి వస్తే అనుమానించాలి. రెండు కేబుళ్ళూ, బ్రేకు రబ్బర్లూ మార్పించాను. గేర్లు ఆరు, అన్నీ పనిచేశాయి. చైనును స్కేలుతో కొలిస్తే 12 లంకెల జతలకు 12 అంగుళాల కన్నా కాస్త ఎక్కువ వచ్చింది. ఆ ఎక్కువ 1/16 అంగుళం దాటితే మార్చాలి, అది దాటలేదు కనుక అలాగే ఉంచాను.

ఖర్చు వివరం ఇది. రెండు కీళ్ళకు లేత్ పని, పిన్నులు, బుష్, కొక్కెం కలిపి 1,300, సీటు తొడుగు 350, ఎడమ క్రాంకు, ఇరుసు కప్పు 800, పెడళ్ళు 450, ట్యూబులు, రిమ్ పట్టీలు 300, కేబుళ్ళు, రబ్బర్లు 400. అన్నింటిలోనూ కూలి కలిసే ఉంది. మొత్తం మీద సైకిలు 9,100 రూపాయలకు పడింది. కొత్తదానికన్నా తక్కువే, కానీ ప్రకటనలో కనిపించిన ధరకూ దీనికీ ఉన్న దూరం చూసుకోవాలి. కీళ్ళు బాగుండి ఉంటే ఇదే సైకిలుకు ఏడు వేలు ఇచ్చినా లాభమే. ఈ స్థితిలో ఉన్నదానికి అసలు తగిన ధర నాలుగు వేలకు మించదు.

షాపు గురించి నాకు మంచి మాటలే ఉన్నాయి. తార్నాక చౌరస్తా నుంచి లోపలికి వెళ్ళే వీధిలో చిన్న గది అది, బయట పంక్చర్ తొట్టి, లోపల గోడ నిండా వేలాడే రిమ్ములు. పెద్దాయన ఒక్కరే పనిచేస్తారు, సాయంత్రం కుర్రవాడు ఒకడు తోడుంటాడు. విప్పిన ప్రతి భాగాన్నీ ముందు మనకు చూపిస్తారు, అరిగినదేదో వేలు పెట్టించి తెలియజేస్తారు, ఆ తర్వాతే ధర చెబుతారు. మార్చనక్కర్లేనిదాన్ని మార్చమని ఒక్కసారీ అనలేదు. నేను చైను కూడా మార్పిద్దామంటే ఆయనే వద్దన్నారు. తీసేసిన పాత సామాన్లన్నీ సంచిలో కట్టి ఇచ్చారు. లోటు చెప్పాలంటే సమయం. ఇవాళ ఇస్తానన్నది ఎల్లుండికి గాని అందదు, లేత్ పని ఉంటే ఇంకా ఆలస్యం. హైడ్రాలిక్ బ్రేకులు, హబ్ లోపల గేర్లుండే ఖరీదైన మడత సైకిళ్ళ పని తాను చేయనని ఆయనే ముందుగా చెబుతారు. అలాంటివి ఉన్నవారు గచ్చిబౌలి, మాదాపూర్ వైపు ఉన్న పెద్ద సైకిల్ షాపులకే వెళ్ళాలి.

బాగైన తర్వాత సైకిలు నడక ఎలా ఉందంటే, మెట్రో స్తంభాల వెంట హబ్సిగూడ దాకా చదునుగా ఉన్న దారిలో హాయిగా ఉంది. చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు ఒకటిన్నర మీటర్లే ముందుకు పోతుంది కనుక మామూలు సైకిలుతో సమానంగా పోవడానికి పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రానికి పళ్ళు ఎక్కువ ఉండాలి. దీనికి 52 పళ్ళున్నాయి, వేగానికి లోటు లేదు. సిగ్నల్ దగ్గర నుంచి కదలడం చాలా తేలిక. చిన్న చక్రం గుంతలో లోతుగా దిగుతుంది, అందువల్ల వానకు తవ్వుకుపోయిన చోట్ల, మ్యాన్‌హోల్ మూతల దగ్గర వేగం బాగా తగ్గించాలి, ఇది రిపేరుతో పోయే లోపం కాదు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ లాంటి ఎత్తుల్లో ఉండేవారికి ఆరు గేర్ల సైకిలు చాలదని నా అభిప్రాయం. సైకిల్ ట్రాక్ మీద మాత్రం నున్నటి దారి కనుక ఎంతసేపు తొక్కినా అలసట తెలియలేదు.

నేరుగా నడుస్తోందా లేదా అని తేల్చుకోవడానికి మెకానిక్ చెప్పిన పద్ధతి ఒకటి ఉంది. నేల మీద నీళ్ళు పోసి, దాని మీదుగా నేరుగా తొక్కి, వెనక్కి తిరిగి తడి చారలు చూడాలి. రెండు చక్రాల చారలూ ఒకదాని మీద ఒకటి పడితే ఫ్రేము సరిగా ఉన్నట్టు. కొత్త పిన్ను వేశాక చూస్తే మా సైకిలు చారలు ఒక్క గీతగా పడ్డాయి. ఈ పరీక్షను కొనే ముందు చేసి ఉంటే ఎదుటివారికి కీలు సంగతి కాదనే వీలుండేది కాదు, ధర ఇంకా తగ్గించి అడగవచ్చు.

కొనేవారు పత్రాల సంగతి కూడా చూసుకోవాలి. సైకిలుకు రిజిస్ట్రేషన్ ఉండదు, యజమాని ఎవరో చెప్పేది పాత బిల్లూ, ఫ్రేము అడుగున క్రాంకు ఇరుసు గొట్టం కింద చెక్కిన నంబరూ మాత్రమే. ఆ నంబరు రాపిడితో చెరిపి ఉంటే కొనకూడదు. దొంగసొత్తు అని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. నాకు అమ్మినవారి దగ్గర పాత బిల్లు ఫోటో ఉంది, నంబరు సరిపోయింది, కొన్నట్టు ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టి ఇచ్చారు. ఆ విషయంలో వారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇంతే: తొక్కడానికి ఎక్కే ముందు రెండు లాకుల పిడులూ అరచేతితో నొక్కి చూస్తాను, ముందు బ్రేకు పట్టి ఒకసారి ఊపుతాను. కీళ్ళకు గ్రీజు పల్చగా ఒక పూత మాత్రమే వేయమనీ, దట్టంగా వేస్తే దుమ్ము పట్టి గన్‌మెటల్ బుష్‌ను గీరుతుందనీ మెకానిక్ చెప్పారు. ఒక వర్షాకాలం గడిచింది, కాగితం పీలిక కీలు పైనా కిందా రెండు చోట్లా చిరుగుతోంది. నైలాన్ తొడుగు కొంచెం నలిగింది, దాన్ని వచ్చే వేసవిలో మార్పించాలి.